చప్టా అవతల పెళ్లికూతురు

పెళ్లిళ్లు జరిపించే కంపెనీల్లో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "సార్, ఆరుబయట పెళ్లికి వాతావరణం విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడుగుతుంటారు. ఆరుబయట చేయకపోవడం మంచి జాగ్రత్త అని చెబుతాను. వాళ్లు నవ్వుతారు, నేను నవ్వను. రిటైరైనవాడి మాటల్లో ఏది హాస్యమో ఏది అనుభవమో కుర్రవాళ్లకు ఒక పట్టాన తేలదు. అందుకని ఆ ఒక్క పెళ్లి సంగతి రాసిపెడుతున్నాను. చదివాక కూడా సముద్రం ఒడ్డున పందిరి వేస్తామంటే, మీ ఇష్టం, అక్షింతలు పంపిస్తాను.

మా ఆఫీసు నెల్లూరులో. నేను చదివింది చరిత్ర, ఎం.ఏ. రాజులు యుద్ధాలు ఎందుకు ఓడిపోయారో చదువుకున్నవాడు పెళ్లిళ్లు జరిపించడానికి పనికొస్తాడని మా యజమాని నమ్మకం. ఆ నమ్మకం వృథా పోలేదు. నా ఉద్యోగంలో సగం ఇరుపక్షాల మధ్య రాయబారమే.

మన తీరంలో ఒక ఇబ్బంది ఉంది. మంచి ముహూర్తాలూ తుఫానులూ ఒకే నెలల్లో వస్తాయి. పంచాంగం రాసేవాళ్లు బంగాళాఖాతాన్ని ఎన్నడూ సంప్రదించినట్టు కనబడదు. కార్తీక మాసంలో సముద్రం ఒడ్డున పెళ్లి కావాలని ఒక అమ్మాయి మా ఆఫీసుకు వచ్చినప్పుడు నేను చేసిన మొదటి పని ఆమెకు మంచినీళ్లు ఇవ్వడం. రెండో పని నేను తాగడం.

అమ్మాయిది బుచ్చిరెడ్డిపాలెం, రైస్‌మిల్లు వాళ్లు. కృష్ణపట్నంలో ఉద్యోగం. అబ్బాయిది నాయుడుపేట వైపు పల్లె, అతనూ అక్కడే ఉద్యోగం. ఆదివారాలు ఇద్దరూ వెళ్లి కూర్చునే ఇసుకతిన్నె ఒకటి ఉందట, పెళ్లి అక్కడే కావాలి. పెళ్లికొడుకు పెదనాన్నకు ఇది ససేమిరా ఇష్టం లేదు. ఆ ఇంట్లో మాట ఆయనదే. చూడ్డానికి వచ్చిన రోజు ఇసుకలో కర్ర పాతి నిలబడి నాతో అన్నారు.

"సముద్రం ఒడ్డుకు మేము పిండాలు పెట్టను పోతాం అబ్బయ్యా. పెళ్లిళ్లకు పోము."

"కాలం మారింది గదండీ," అన్నాను.

"సముద్రం మారలేదు గదా?"

దీనికి ఎం.ఏ.లో జవాబు చెప్పలేదు.

ఆయన శకునాల మనిషి. పిల్లి ఎదురొచ్చిందని పొలం రిజిస్ట్రేషన్‌కు వెళ్లకుండా దారిలోంచి వెనక్కి తిరిగారట. ఆ పొలం ఇంకెవరో కొనుక్కున్నారు. ఆయన బాధపడలేదు, పిల్లి మీద గౌరవం పెరిగిందంతే. వెళ్తూ వెళ్తూ ఒక్క మాట అన్నారు. "ముహూర్తం తప్పినా, ఒక్క అపశకునం జరిగినా బస్సు వెనక్కి తిప్పుతా. తర్వాత నన్ను అనొద్దు."

ఆయన కారెక్కాక ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. "సార్, ఆయన కారణం కోసం చూస్తా ఉండారు. ఈ పెళ్లి ఒకసారి ఆగిందంటే మళ్లీ జరగనీరు. దయచేసి మీరు ఆయనకు కారణం ఇవ్వకండి," అంది.

అంతే, మా ఉద్యోగం అది. కారణం ఇవ్వకుండా ఉండటం.

మా డెకరేషన్ అతను ఈ విద్యలో ఘనుడు. నాకంటే వయసులో చిన్న, ధైర్యంలో చాలా పెద్ద. ఇసుకలో మనిషి లోతు గోతులు తీయించి సరుగుడు బాదులు పాతాడు. పైన నీరు దిగని గుడ్డ, దాని మీద ఇంకోటి. "అన్నా, మన పందిరి ఎగరదు. ఎగిరితే తిన్నెతో సహా ఎగరాల్సిందే," అన్నాడు. నా ఫోన్‌లో నాలుగు వాతావరణ యాప్‌లు ఉండేవి. నాలుగూ నాలుగు రకాలుగా చెప్పేవి. మాకు నచ్చినదాన్ని మేము నమ్మేవాళ్లం. మరీ తుఫానే వస్తే ఊరి అంచున ఉన్న తుఫాను షెల్టరులో పెళ్లి జరిపించడానికి అనుమతి కూడా తీసుకున్నాం. పెళ్లివాళ్లకు మాత్రం దాన్ని 'కమ్యూనిటీ హాలు' అని చెప్పాం.

పెళ్లికూతురి నాయనమ్మ ఒక్కతే మా ఏర్పాట్లను లెక్కచెయ్యలేదు. "ఇది చిన్నప్పుడు మిల్లులో కూర్చోని పచ్చి బియ్యం బొక్కింది. బియ్యం తిన్న పిల్ల పెళ్లికి వాన రాకుండా పోదు. మీరు ఇనప పందిరేసినా అంతే," అని తేల్చేసింది.

ఇక్కడ ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. రోడ్డు, జాలర్ల ఊరు, తుఫాను షెల్టరు ఒకవైపు. వాటి ముందు ఒక ఉప్పుటేరు. దాన్ని దాటడానికి నేలబారు చప్టా. చప్టా అవతల ఇసుకతిన్నె, దాని మీద మా పందిరి, ఆ వెనక సముద్రం. మేము పందిరి వేసే రోజుల్లో ఆ ఏట్లో నీళ్లు పాదాలు తడిసేటంత ఉండేవి. చప్టా మీద మా లారీలు పువ్వుల బుట్టలతో పోతుంటే పీతలు పక్కకు తప్పుకొని చూసేవి.

పీతలతో పాటు మమ్మల్ని రోజూ చూసిన మనిషి ఇంకొకరు ఉన్నారు. ఊళ్లో ఎండుచేపలు అమ్ముకునే అవ్వ. గంప దించి మా పందిరి నీడలో కూర్చునేది.

"ఏంది నాయనా, ఇన్ని తాళ్లు? పందిరేస్తా ఉండావా, పడవ కడతా ఉండావా?"

"గాలికి ఎగరకుండా అవ్వా."

"నా పెళ్లికి ఎగిరిపోయింది. మా ఆయన తాళి కట్టడం ఆపి పందిరి ఎనక పరిగెత్తినాడు. పందిరి దొరికింది గానీ ఆయన చెప్పులు ఈ రోజుకీ దొరకలా." కాసేపు నవ్వుకుని, అసలు విషయానికి వచ్చింది. "భోజనాల్లోకి ఏంది?"

చెప్పాను. వంకాయ దగ్గర తల ఊపింది. అప్పడాల దగ్గర పెదవి విరిచింది, పళ్లు లేవని. మలై కాజా దగ్గర ఆగింది.

"అది మెత్తగా ఉంటది గదా?"

"నోట్లో పెట్టుకుంటే కరిగిపోతుంది."

"నన్ను పిలస్తావా మరి?"

"పిలవడమేంటవ్వా, ముందు పంక్తిలో కూర్చోబెడతా."

"మాట తప్పబాక," అని గంప నెత్తిన పెట్టుకుంది. ముందు రోజు సాయంత్రం పెళ్లికూతురు అక్కడికి రాగానే ఆమెకూ ఈ సంగతి చెప్పింది, నేను ఇచ్చిన మాటకు సాక్షి కావాలన్నట్టు. పెళ్లికూతురు నవ్వి, "రెండు కాజాలు వేయిస్తాను అవ్వా," అంది.

ఆ రాత్రి పెళ్లికూతురు, ఆమె అమ్మానాన్నలు, మేనమామ, వంటవాళ్లు, మా డెకరేషన్ అతను అందరూ తిన్నె మీద గుడారాల్లో ఉండిపోయారు. ఇసుకలో పడుకోవడం తన వల్ల కాదని నాయనమ్మ ఊళ్లో ఒక ఇంట్లో పడుకుంది. పొద్దున పెళ్లికొడుకు బస్సులకు ఎదురు వెళ్లాలని నేనూ ఊళ్లోనే పడుకున్నాను.

తెల్లవారింది. నేను బయటికి వచ్చి, ఆ వృత్తిలో ఉన్నవాళ్లందరిలాగే, ముందు తల పైకెత్తాను. ఒక్క మబ్బు లేదు. ఆకాశం ఇస్త్రీ చేసినట్టు ఉంది. ఎండ పందిరి మీది బంతిపువ్వుల మీద పడి మెరుస్తోంది. ఆనందంగా తల దించాను.

చప్టా లేదు.

చప్టా ఉన్నచోట నీళ్లు ఉన్నాయి. ఎర్రటి, చిక్కటి నీళ్లు. ముళ్లకంపలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఎవరిదో గడ్డివాములో సగం, వాటిమీద ఎక్కుకుని ఒక కోడి. అన్నీ తొందర లేకుండా సముద్రం వైపు పోతున్నాయి. నేను కాసేపు ఆ కోడిని చూస్తూ నిలబడ్డాను. మనసు పెద్ద విషయాన్ని పట్టుకోలేనప్పుడు చిన్నదాన్ని పట్టుకుంటుంది.

జరిగింది ఇదీ. రాత్రి ఎగువ ఊళ్లన్నిటా కుండపోతగా వాన. అక్కడి చెరువుల అలుగులు పారి నీళ్లన్నీ ఏట్లోకి వచ్చాయి. మా నెత్తిన చినుకు పడలేదు. మేమంతా నెల రోజులుగా ఆకాశం వైపు చూస్తూ ఉన్నాం, వాన నేల మీద నడిచి వెనక నుంచి వచ్చింది. నాయనమ్మ వచ్చి నా పక్కన నిలబడి, ఆ నీళ్లను చూసి, "మా వైపు నీళ్లే. చెప్పినా గదా, తిన్న బియ్యం ఊరికే పోదు," అంది. ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా వినబడింది.

ఫోను మోగింది. అవతలి నుంచి డెకరేషన్ అతను. "అన్నా, ఈడ ఎండ బ్రహ్మాండంగా ఉంది. ఫొటోలకు ఇంతకంటే దొరకదు."

"వెనక్కి తిరిగి చూడు," అన్నాను.

ఇసుకలో రెండడుగుల చప్పుడు వినబడింది. తర్వాత "ఓర్నాయనో," అన్నాడు. ధైర్యవంతుడి నోట ఆ మాట వినడం నాకు అదే మొదలు.

ఒక ట్రాక్టరు దిగి చూసింది. సగం చక్రం మునగ్గానే పక్కకు జరగడం మొదలుపెట్టింది. డ్రైవరు వెనక్కి లాక్కొచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్లిపోయాడు. పెళ్లికొడుకు, పురోహితుడు, తాళిబొట్టు, మేళం, పెదనాన్న బస్సుల్లో ఇటువైపుకు వస్తున్నారు. పెళ్లికూతురు, మండపం, భోజనం అటువైపు ఉండిపోయాయి.

సరే, జాలర్ల ఊరు, పడవలకేం కొదవ అనుకుని ఊరి కాపు దగ్గరికి పరిగెత్తాను. ఊరి పెద్దను వాళ్లు కాపు అంటారు. ఆయన వీధిలో పదిమంది మధ్య తల వంచుకుని కూర్చుని ఉన్నాడు.

"కాపన్నా, ఒక్క పడవ కావాలి."

"దురాయి పెట్టినాం సార్. ఊళ్లో చావు. మట్టి చేసిందాకా ఏ పడవా నీళ్లలో దిగకూడదు."

దురాయి అంటే ఊరి కట్టు. దాన్ని ఆ ఊళ్లో ఎవరూ దాటరు. ఎవరికోసమూ సడలించరు.

"అయ్యో. ఎవరు పోయింది అన్నా?"

ఆయన తలెత్తి చూశాడు. "మీ పందిట్లో కూర్చునేది గదా సార్, ఎండుచేపల ముసలామె. తెల్లారి లేపితే లేవలా."

తిరగేసిన పడవ ఒకటి పక్కన ఉంటే దాని మీద కూర్చున్నాను. నిన్న సాయంత్రం ఆమె నా ముందు రెండు వేళ్లు చూపించి, రెండు కాజాలు, మర్చిపోబాక అని వెళ్లింది. ఏటి నీళ్ల కంటే, మునిగిపోయిన చప్టా కంటే, ఆ రెండు వేళ్లే నా కళ్లముందు నిలబడ్డాయి. మాటలమ్ముకుని బతికేవాణ్ని, అయినా పెళ్లి గురించి అడగడానికి నాకు నోరు రాలేదు.

అడిగింది ఆమె కొడుకు. లోపల్నుంచి వచ్చి, నన్ను చూసి, ఆగి, కాపు వైపు తిరిగాడు. ఆ ఊరి మట్టి చేసే చోటు కూడా తిన్నె మీదే ఉంది.

"మామా, అమ్మను తీసకపోయే పడవ ఒకటి దిగతది గదా. వచ్చేటప్పుడు ఆ పిల్లను ఎక్కించుకోని రా. అమ్మ నెల రోజుల్నించి ఈ పెళ్లి పెళ్లని కలవరిస్తా ఉన్నింది."

కాపు ఏటి వైపు చూశాడు. "మనిషిని దించిన పడవ ఉత్తగా రాకూడదులే," అన్నాడు చివరికి. "నేనే తోలుకోని వస్తా. ఆ ఒక్క పడవే సార్. మట్టి అయిందాకా రెండోది లేదు."

మట్టి అయ్యేసరికి ముహూర్తం దాటిపోతుంది. కాబట్టి ఆ పడవే. పెళ్లికూతురికి ఫోను చేసి, దాచకుండా ఏ పడవో చెప్పాను.

"ఏ అవ్వ సార్? కాజా అవ్వా?"

"అవునమ్మా."

ముక్కు చీదిన చప్పుడు. "పంపించండి సార్. నేను ఎక్కుతా. పెదనాన్నకు చెప్పినారా?"

"ఇంకా లేదు."

"మీరు చెప్పబాకండి. మా నాయనమ్మకు ఫోనివ్వండి."

నాయనమ్మ ఫోను చెవిన పెట్టుకుని, ఊఁ ఊఁ అని విని, నాకు తిరిగి ఇచ్చి, కొంగు బిగించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత చిన్న యుద్ధసన్నాహం, అంత ఘనమైనది నేను చూడలేదు.

బస్సులు వచ్చాయి. మేళగాళ్లు వాయిస్తూ దిగారు. సరిగ్గా అప్పుడే ఊళ్లోంచి డప్పులతో పాడె వచ్చింది. రెండు గుంపులూ ఏటి ఒడ్డున ఎదురుపడ్డాయి. మా మేళగాళ్లూ వాళ్ల డప్పులవాళ్లూ ఒకరినొకరు గుర్తుపట్టి తలలూపుకున్నారు. పెదనాన్న బస్సు మెట్టు మీదే ఆగిపోయారు. ముందు నీళ్లను చూశారు. తర్వాత పాడెను చూశారు. మెట్టు దిగి, చెప్పులు వదిలి, "మేళం ఆపండిరా," అన్నారు. పాడె పడవలోకి ఎక్కేదాకా చేతులు జోడించుకునే నిలబడ్డారు. నాకు ఆయన మీద మొదటిసారి గౌరవం కలిగింది. భయం తగ్గలేదు.

పడవ అవతలి ఒడ్డుకు చేరింది. తర్వాత ఏం జరగబోతోందో ఆయనకు ఎవరూ చెప్పకముందే, పెళ్లికూతురు పట్టుచీరలో ఆ పడవ వైపు నడిచి రావడం ఆయనే చూశారు.

"ఏంది అది? ఆ పిల్ల యాడికి పోతాంది?"

"నీ దగ్గరికే," అంది నాయనమ్మ. "ఏమయ్యా పెద్దాయనా, బయల్దేరినప్పుడు శవం ఎదురొస్తే మీ పక్క ఏమంటారు?"

"యాడైనా ఒకటే గదమ్మా. శుభం అంటారు."

"పిల్లి?"

"అశుభం."

"మరి ఇప్పుడు నువ్వు బస్సు దిగతానే నీకు ఎదురొచ్చింది పిల్లా?"

ఆయన చేత్తో పడవను చూపించారు. "ఎదురు రావడం వేరు పెద్దమ్మా. పీనుగ దిగిన పడవలో పెళ్లికూతురు ఎక్కడం వేరు. యాడన్నా విన్నామా?"

"వినలా. ఎండ కాస్తా ఉంటే ఏరు రావడం విన్నామా? వినందానికి శకునం యాడుంటది? ఏం పంతులూ, పడవ ఎక్కకూడదని శాస్త్రంలో ఉందా?"

కుర్ర పురోహితుడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "పడవ గురించి ప్రత్యేకంగా... ఎక్కడా లేదండీ. పైగా నీళ్లు శుద్ధి అంటారు."

"విన్నావు గదా. పిల్ల ఎక్కేసింది. ఇప్పుడు నువ్వు బస్సు తిప్పుతావా? శుభశకునం చూసి ఎనక్కి తిరిగినోడని రేపు నీ ఊరంతా చెప్పుకుంటది. నేనే చెప్తా."

పెళ్లికొడుకు అప్పటిదాకా పెదనాన్న వెనకే నిలబడి ఉన్నాడు. ఏమీ అనకుండా ముందుకు వచ్చి, ప్యాంటు మీద కట్టిన పట్టుపంచె ఎగగట్టి నీళ్ల అంచున నిలబడ్డాడు. అతనికి ఈత రాదని నాకు తర్వాత తెలిసింది.

పెదనాన్న అతన్ని చూశారు, ఏటిని చూశారు. ఆయన ఒక్క మాట అంటే అయిపోతుంది. నాలుగు యాప్‌లూ, లోతు గోతులూ, రెండు పొరల గుడ్డా ఇప్పుడు ఎందుకూ పనికిరావు.

"పసుపునీళ్లు కలపండి," అన్నారు.

ఆ కుటుంబంలో సరే అనడానికి అంతకంటే దగ్గరి మాట లేదనుకుంటాను.

పడవ వచ్చింది. కాపు గడ వేస్తున్నాడు. తల్లి కూతురి మీద గొడుగు పట్టింది, ఎండకు. మేనమామ వెదురుబుట్టను నెత్తిన పెట్టుకుని రెండు చేతులతో పడవ అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. ఒడ్డున మోకాలి లోతు బురద. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి నలుగురు మోసి రోడ్డు మీదికి తెచ్చారు. ఆ ఆచారం ఎందుకు పెట్టారో నాకు ఆ రోజు తెలిసింది. పెదనాన్న తానే పసుపునీళ్లు చల్లారు. ముందు పడవ మీద, తర్వాత పిల్ల మీద, చివరికి ఎందుకో నా మీద కూడా.

అప్పుడే డెకరేషన్ అతను ఫోను చేశాడు. గొంతు తేడాగా ఉంది. "అన్నా, దింపుడుకళ్లానికి పాడెను మన పందిరి ముందు దించినారు. ఎండగా ఉందని లోపలికి తెచ్చి, ఆమె చెవిలో పేరు పెట్టి పిలిచినారు. నేను లేచి నిలబడినా అన్నా. ఏం చెయ్యాలో తెలీలా."

"అంతకంటే చెయ్యాల్సింది లేదు," అన్నాను.

నెల రోజులు కట్టిన పందిరి అది. ఆ రోజు దాని కిందికి వచ్చిన అతిథి ఆమె ఒక్కతే.

పెళ్లి తుఫాను షెల్టరులో జరిగింది. తాళి కట్టే క్షణాన పురోహితుడు అలవాటు కొద్దీ "గట్టిమేళం" అని కేకేశాడు. ఎవరూ వాయించలేదు. మట్టి ఇంకా కాలేదు. ఏటి చప్పుడు, దాని అవతల సముద్రం చప్పుడు మాత్రం వినిపించాయి. పెళ్లికొడుకు మూడో ముడి వేసి చుట్టూ చూశాడు, నిజంగా అయిపోయిందా అన్నట్టు. నేనూ అలాగే చూశాను.

మధ్యాహ్నానికి మట్టి అయింది, దురాయి తీశారు. పడవలన్నీ కదిలి భోజనం గిన్నెలను ఇటు తెచ్చాయి. ఆకులు వేస్తుంటే పెదనాన్న నన్ను పిలిచారు.

"ఏందబ్బయ్యా, ఆ ముసలామెకు ముందు పంక్తి అని మాట ఇచ్చినావంట. మా కోడలు చెప్పింది."

'మా కోడలు' అన్నారు. నేను అది విన్నాను, పక్కనున్న నాయనమ్మ కూడా విన్నది.

"ఊరికే అన్నాను లెండి. కానీ పెళ్లిభోజనం ముందు చావింటికి..."

"మాట తప్పడమే అసలైన అపశకునం. వాళ్లింట్లో ఈ రోజు పొయ్యి వెలగదు. ముందు ఆడికి తీసకపో. మేము ఉంటాం."

ఆకలి మీదున్న రెండు బస్సుల జనం ఆగారు. నేనూ మా డెకరేషన్ అతనూ గిన్నెలు పట్టుకుని వెళ్లాం. ఆ ఇంట్లో ఒక మూల దీపం వెలుగుతోంది, పక్కన ఆమె చేపల గంప. కొడుకు ఆకులో రెండు కాజాలను చూసి, "ఇదేంది సార్?" అన్నాడు.

"మీ అమ్మ అడిగింది," అన్నాను.

అతను వాటిని తీసి దీపం దగ్గర పెట్టాడు. ఒకసారి వేలితో నొక్కి చూశాడు.

"మెత్తగానే ఉండాయి," అన్నాడు.